చప్పుడు తగ్గాలంటే దగ్గరికి వెళ్లాలి

తమ్ముడూ,

నీ కథ చదివాను. మన హైదరాబాద్ కుర్రాడు ఉద్యోగం మీద టెక్సాస్ వెళ్లడం, మేకల రాంచ్ నడిపే పెద్దాయనతో స్నేహం కుదరడం, మేకపిల్లల్ని ఎత్తుకుపోతున్న కయోటీల (అక్కడి నక్కలాంటి జంతువుల) కోసం ఇద్దరూ రాత్రిపూట మాటు వేయడం, అంతవరకూ కథ పట్టుగా నడిచింది. ఆ పెద్దాయన పొదుపు మాటలు నాకు చాలా నచ్చాయి. తీరా తుపాకీ పేలిన చోట పట్టు జారిపోయింది. నీ భాషలో లోపమేమీ లేదు. ఆయన చేతిలో పెట్టిన తూటా ఎలాంటిదో నువ్వు సరిగ్గా తెలుసుకోలేదు.

'చప్పుడు తన చెవిన పడేలోపే కయోటీ నేలకూలింది' అని రాశావు. మామూలు 223 రైఫిల్ అయితే ఈ వాక్యానికి వంక పెట్టలేం. ఆ బుల్లెట్ సెకనుకు 900 మీటర్లకు పైగా వేగంతో బయల్దేరుతుంది. ధ్వని పోయేది 343 మీటర్లే. కానీ నువ్వు ఆయనకిచ్చింది 300 బ్లాకౌట్ రైఫిల్, సబ్‌సోనిక్ తూటా. అది సెకనుకు దాదాపు 310 మీటర్ల వేగంతో, అంటే ధ్వని కంటే నెమ్మదిగా పోతుంది. వంద మీటర్ల దూరంలో నిలబడ్డ జంతువుకు చప్పుడే ముందు చేరుతుంది, బుల్లెట్ ఆ వెనక వస్తుంది. తేడా సెకనులో ముప్పయ్యో వంతు, అంతే. అంతలో అది తప్పించుకోలేదనుకో. అయినా నీ వాక్యం తలకిందులైంది కదా. తుపాకీ తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

రైఫిల్ చప్పుడు ఒకటి కాదు, రెండు. గొట్టం మూతి దగ్గర మండిన వాయువు ఒక్కసారిగా బయటపడే మోత ఒకటి. బుల్లెట్ ధ్వనిని దాటి పోతుంటే దారి పొడవునా పుట్టే టపామనే పేలుడు రెండోది. సైలెన్సర్ మొదటిదాన్ని తగ్గించగలదు, రెండోదాన్ని ఏమీ చేయలేదు. దాన్ని ఆపాలంటే బుల్లెట్ వేగమే తగ్గాలి. అందుకే వేటగాళ్లు సైలెన్సర్, సబ్‌సోనిక్ తూటా రెండూ కలిపి వాడతారు. ఇంతా చేసి అది సినిమాల్లో వినిపించే 'ఫుట్' మాత్రం కాదు. తుపాకీలో ఇనుము కదిలే చప్పుడు వినిపిస్తుంది, బుల్లెట్ ఒంటికి తగిలిన దెబ్బ కూడా వినిపిస్తుంది. ఆ దెబ్బ చప్పుడు నీ కథలో ఎక్కడా లేదు. ఉండాలి.

కయోటీలు తరచూ జంటగా వస్తాయి. కుందేలు ప్రాణభయంతో అరిచినట్టు కూత పెట్టి వాటిని రప్పిస్తారు. మొదటిది పడ్డాక, చప్పుడు తక్కువ కాబట్టి రెండోది ఎటు పరుగెత్తాలో తెలియక ఒక్క క్షణం ఆగితే చాలు, అదే వేటగాడి లాభం. దొడ్లో మేకలు బెదరవు, చుట్టుపక్కలవాళ్లు నిద్ర లేవరు. ఇది నువ్వు బాగానే రాశావు.

నువ్వు వదిలేసింది ఆ లాభానికి పెద్దాయన చెల్లించే వెల. నెమ్మదిగా పోయే బుల్లెట్ ఎక్కువసేపు గాలిలో ఉంటుంది, ఉన్నంతసేపూ కిందికి జారుతూనే ఉంటుంది. 50 మీటర్లకు గురి సరిచేసిన రైఫిల్‌తో 100 మీటర్ల దూరాన కొడితే దెబ్బ దాదాపు జానెడు కిందికి పోతుంది. 150 మీటర్లయితే ముప్పావు మీటరు! గుండెకు పెట్టిన గురి కాలు విరగ్గొడుతుంది, లేదా మట్టిలో దిగుతుంది. పైగా థర్మల్ స్కోప్‌లో వేడి ఒళ్లు తెల్లగా కనిపిస్తుందే గానీ అది ఎంత దూరాన ఉందో అంచనా వేయడం కష్టం. కాబట్టి నీ పెద్దాయన చీకటి పడ్డాక కాదు, పగలే పని మొదలుపెట్టాలి. కంచె స్తంభాల దాకా నడిచి, ఏ స్తంభం ఎన్ని అడుగుల్లో ఉందో మనసులో పెట్టుకోవాలి. కుర్రాడు వెనకాలే నడుస్తూ, ఎందుకో అర్థం కాక, అడగడానికి మొహమాటపడాలి. చూశావా, నీకో కొత్త సన్నివేశం దొరికింది.

దెబ్బ బలం కూడా తక్కువే. 14 గ్రాముల బరువున్నా ఆ సబ్‌సోనిక్ బుల్లెట్ శక్తి 680 జౌల్స్ దగ్గర ఆగిపోతుంది. నాలుగు గ్రాములు కూడా లేని 223 బుల్లెట్‌ది దాదాపు 1,700. ఇంకో చిక్కు ఉంది. వేట బుల్లెట్ తగలగానే పుట్టగొడుగులా విచ్చుకోవాలి, అందుకు వేగం కావాలి. ఎక్కువ వేగానికి చేసిన బుల్లెట్‌ని నెమ్మదిగా పంపితే విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది. జంతువు గాయంతో పారిపోయి, ఎక్కడో పొదల్లో గంటల తరబడి బాధపడి చస్తుంది. తక్కువ వేగంలోనే విచ్చుకునేలా చేసిన బుల్లెట్లు వేరే ఉన్నాయి, ఒళ్లు దగ్గర పెట్టుకున్న వేటగాడు అవే కొంటాడు. నీ పెద్దాయన ఏవి కొన్నాడు? డబ్బు చూసుకుని చవకవి కొన్నాడా? ఆయన మనిషి ఎలాంటివాడో ఈ ఒక్క విషయంలో చెప్పొచ్చు.

నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. చప్పుడు వద్దనుకున్నవాడు దగ్గరికి వెళ్లక తప్పదు. కయోటీ కూత విని నేరుగా రాదు, గాలివాలుకు చుట్టూ తిరిగి వాసన పట్టి వస్తుంది. మూడు వందల మీటర్ల అవతల నుంచి కొట్టి ఇంటికి పోయేవాడికి ఇదంతా పెద్ద బాధ కాదు. అరవై మీటర్లలో ఊపిరి బిగబట్టి కూర్చున్నవాడికి గాలి మారినా టెన్షనే. వాడు ఆ జంతువు చెవులు కదలడం చూస్తాడు. నీ కుర్రాడు మారిపోయేది అక్కడే. నువ్వేమో ఆ దూరాన్ని 'కొంత దూరంలో' అని రాసి దాటేశావు.

ఈ కథను వికారాబాద్ అడవులకు మార్చాలని ఉందన్నావు. అలా చేస్తే అది వేరే కథవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ నక్కను కొట్టడం నేరం. చప్పుడు లేని తుపాకీ పట్టుకుని అడవిలో తిరిగేవాడిని మన పాఠకుడు రైతు అనుకోడు, దొంగ వేటగాడు అనుకుంటాడు. అది రాయాలని ఉంటే అదే రాయి, కానీ ఈ పెద్దాయన్ని అక్కడికి తీసుకురాకు.

ఇవన్నీ కథలో గుప్పించమని కాదు. అంకెలు ఒక్కటీ కనిపించనక్కర్లేదు. నీకు తెలిసి ఉండాలి, అంతే. వీలు చూసుకుని గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌కి వెళ్లు. 50 మీటర్ల పోటీల్లో వాడే పాయింట్ 22 తూటాలు కూడా సబ్‌సోనిక్‌వే, అక్కడ నిశ్శబ్దం కోసం కాదు, గురి నిలకడ కోసం. అనుమతి అడిగి ఒక మూల కూర్చుని విను. కాల్చిన చప్పుడుకీ, అట్టకు తగిలిన చప్పుడుకీ మధ్య ఎంత ఎడం ఉందో పట్టుకో.

తిరగరాశాక ప్రింట్ తీసి తీసుకురా, పక్కన పెన్నుతో రాసిస్తాను. ఆదివారం మధ్యాహ్నం తర్వాత చిక్కడపల్లి ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అన్న