వేలిముద్రతో రాజీనామా చెల్లుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. శాసనసభ్యుడైన మా నాన్నగారు పక్షవాతంతో మంచాన పడి ఏడు నెలలైంది. మాట లేదు. ఆయన లెటర్‌హెడ్ మీద సిఫారసు ఉత్తరాలకు అన్నయ్యే సంతకం చేస్తున్నాడు. రాజీనామా పత్రంపై నాన్నగారి వేలిముద్ర వేయిస్తే అమ్మ ఆ స్థానంలోకి రావచ్చని పెద్దలు చెబుతున్నారు. ఇంటిల్లిపాదీ కుమిలిపోతున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: మీ సుదీర్ఘమైన ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఉండవలసిన ఒక్క సంగతి తప్ప. ఎదుట పెట్టిన కాగితం రాజీనామా అని మీ నాన్నగారికి ఈనాడు అర్థమవుతుందా, లేదా? వ్యవహారమంతా దానిపైనే ఆధారపడి ఉంది.

అర్థం కాని స్థితిలో ఉన్న మనిషి వేలు పట్టుకుని ముద్ర వేయిస్తే, భారతీయ న్యాయ సంహిత 335వ సెక్షన్ ప్రకారం అది తప్పుడు పత్రం తయారుచేయడం కిందకు రావచ్చు. ఫోర్జరీ కేసులో ముందుగా ఇరుక్కునేది సలహా ఇచ్చిన పెద్దలు కాదు, మీరు. పైగా రాజ్యాంగంలోని 190వ అధికరణం ప్రకారం, రాజీనామా స్వచ్ఛందమూ నిజమూ కాదని విచారణలో తేలితే స్పీకరు దానిని ఆమోదించకూడదు.

జబ్బు చేసినంత మాత్రాన సభ్యత్వం పోదు. అనుమతి లేకుండా 60 రోజుల పాటు అన్ని సమావేశాలకూ రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. అయితే సభ ప్రోరోగ్ అయిన (అంటే సమావేశాలను అధికారికంగా ముగించిన) కాలమూ, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలమూ ఆ లెక్కలోకి రావు కనుక, మీ ఏడు నెలలు ఇంకా 60 రోజులు కాకపోవచ్చు. ఇన్నాళ్లూ ఒక్క సెలవు అర్జీ అయినా పంపకపోవడం మాత్రం క్షమించరాని నిర్లక్ష్యం. సిఫారసు ఉత్తరాలకు దొరికిన తీరిక దీనికి దొరకలేదా?

మతి స్థిమితం లేదన్న అనర్హతకు కూడా డాక్టరు చీటీ సరిపోదు. తగిన అధికారం గల కోర్టు అలా ప్రకటించి ఉండాలి. ఆ పైన 192వ అధికరణం కింద గవర్నరు ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని, దాని ప్రకారమే నిర్ణయిస్తారు. సీటు ఖాళీ అయ్యాక ఆరు నెలల్లోపు ఉప ఎన్నిక జరపాలి, సభ్యుని పదవీకాలంలో మిగిలింది ఏడాది లోపే అయితే ఆ నిబంధన వర్తించదు. మీ అమ్మగారిని నేరుగా ఆ స్థానంలో కూర్చోబెట్టే పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదు.

ఈ వారమే న్యూరాలజిస్టు చేత, ఆయన విషయాన్ని గ్రహించగలరా, సైగతోనైనా తన ఇష్టాన్ని చెప్పగలరా అన్నది తేదీ వేసి రాతపూర్వకంగా తీసుకోండి. ఆసుపత్రి రికార్డు మొత్తానికీ ధ్రువీకరించిన నకళ్లు తెచ్చుకోండి. గ్రహించగలరని తేలితే, చికిత్స చేస్తున్న డాక్టరు సాక్షిగా ఆయనే రాజీనామా ఇవ్వవచ్చు, స్పీకరు స్వయంగా విచారించుకోవాలని కూడా మీరే కోరండి. లేదంటే ఆ రికార్డుతో సివిల్ వ్యవహారాలు చూసే న్యాయవాదిని కలవండి. ఏ దారిలో వెళ్లినా, వైద్య పత్రాలు జతచేసి సెలవు కోరుతూ స్పీకరుకు రేపే స్పీడ్ పోస్టులో రాయండి. ఆ లెటర్‌హెడ్ పుస్తకాన్ని మీ అన్నయ్య చేతి నుంచి ఇవాళే తీసేయండి.