లేజర్ పడితే అతివాహకత పోతుంది కదా, మరి దానితోనే పరీక్షించడం ఎలా?

ఎమ్మెస్సీ తర్వాత అతివాహకాలను లేజర్‌తో పరిశోధించే రంగంలోకి రావాలనుకుంటున్నానని, లేజర్ వేడికి అతివాహకత (బాగా చల్లబరిస్తే విద్యుత్తు నిరోధం లేకుండా ప్రవహించే గుణం) చెదిరిపోదా అని మీరు అడిగారు. చెదిరిపోతుంది. ప్రయోగమంతా దాని మీదే నడుస్తుంది: చెదరగొట్టి, మళ్లీ ఎలా కుదురుకుంటుందో చూస్తాం. పరిశోధక విద్యార్థిగా వైబీసీఓ అనే రాగి ఆక్సైడ్ పలుచని పొరల మీద నేను చేసిన పని ఇదే.

సుమారు 100 ఫెమ్టోసెకన్ల లేజర్ పల్స్‌ను రెండుగా చీలుస్తాం (ఫెమ్టోసెకను అంటే సెకనులో లక్షకోట్ల వంతులో వెయ్యో వంతు). బలమైన పంప్ పల్స్ ముందు వెళ్లి కూపర్ జంటలను, అంటే అతివాహకతకు మూలమైన ఎలక్ట్రాన్ జంటలను, విడగొడుతుంది. బలహీనమైన ప్రోబ్ పల్స్ కాస్త ఆలస్యంగా వెళ్లి, పరావర్తనం ఎంత మారిందో చెబుతుంది. ఆ ఆలస్యాన్ని నిర్ణయించేది అద్దాలు బిగించిన కదిలే పీట. దాన్ని 15 మైక్రాన్లు జరిపితే రానూపోనూ కాంతికి 30 మైక్రాన్ల దారి పెరుగుతుంది, అంటే 100 ఫెమ్టోసెకన్లు! వచ్చే మార్పు పదివేలలో ఒక వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. అందుకే పంప్ కాంతిని చాపర్‌తో లయబద్ధంగా ఆపుతూ వదులుతూ, ఆ లయకు పలికే సంకేతాన్ని మాత్రమే లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో ఏరుకుంటాం.

ఇక వేడి సంగతి. నమూనాను చల్లగా ఉంచే క్రయోస్టాట్ తెర మీద కనిపించే ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్న చోటిది. కాంతి పడే చుక్క అంతకంటే వేడిగా ఉంటుంది. వైబీసీఓలో అతివాహకత సుమారు 92 కెల్విన్ల దగ్గర పోవాలి. పంప్ శక్తి ఎక్కువ పెడితే, తెర మీద అంతకంటే తక్కువ అంకె ఉండగానే సంకేతం మాయమయ్యేది. శక్తి తగ్గిస్తూ పోతే ఆ అంకె మళ్లీ పైకి వచ్చేది. ఈ పరీక్ష చేయని గ్రాఫును నేను నమ్మను.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 92కు చేరువయ్యేటప్పటి వక్రం. బాగా చల్లగా ఉన్నప్పుడు కొన్ని పికోసెకన్లలో (పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు) కోలుకునే సంకేతం, అక్కడికి వచ్చేసరికి సాగిపోతుంది. విడిపోయిన ఎలక్ట్రాన్లు తిరిగి జతకట్టినప్పుడు వెలువడే ఫోనాన్ (పరమాణువుల కంపన శక్తి తునక) మరో జంటను విడగొట్టగలదు. శక్తి అంతరం (జంటను విడగొట్టడానికి కావలసిన కనీస శక్తి) కుంచించుకుపోయే కొద్దీ అంత శక్తి ఉన్న ఫోనాన్లు పెరిగి, కోలుకోవడం నెమ్మదిస్తుంది. 1967లో రోత్‌వార్ఫ్, టేలర్ రాసిన సమీకరణాలు ఈ పీటముడిని చక్కగా పట్టుకున్నాయి. ముందుగా అవే చదవండి.

కాంతితో అతివాహకతను పుట్టించడం గురించీ వింటారు. 20 కెల్విన్ల దగ్గర అతివాహకమయ్యే కె3సి60 అనే పొటాషియం, కార్బన్ల సమ్మేళనం మీద మధ్య పరారుణ పల్స్ వేస్తే, దాదాపు 100 కెల్విన్ల దాకా అలాంటి స్పందనే కనిపించిందని హాంబర్గ్‌లోని భౌతిక శాస్త్రవేత్త కవల్లేరి బృందం 2016లో ప్రకటించింది. కొలత అద్భుతమైనది, దాని అర్థం మీద వాదన ఇంకా నడుస్తోంది.

ప్రయోగశాలను ఎంచుకునేటప్పుడు టెరాహెర్ట్జ్ పల్స్ (మధ్య పరారుణం కంటే తక్కువ శక్తి గల కాంతి) సదుపాయం ఉందో లేదో అడగండి. 800 నానోమీటర్ల లేజర్ కాంతిలో ఒక్కో ఫోటాన్ శక్తి 1.55 ఎలక్ట్రాన్ వోల్టులు, సాధారణ అతివాహకాల శక్తి అంతరం అంతకంటే వందల రెట్లు తక్కువ. టెరాహెర్ట్జ్ అయితే నేరుగా ఆ అంతరాన్నే తాకుతుంది.