అణువా, పరమాణువా?

సందేహం: తొమ్మిదో తరగతికి తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. పాఠ్యపుస్తకంలో నీటి అణువు, హైడ్రోజన్ పరమాణువు అని ఉంటుంది. పత్రికల్లో అణుబాంబు, అణువిద్యుత్తు అని చదువుతాం. బేగంపేటలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ హిందీ పేరులో మాత్రం ‘పరమాణు ఖనిజ’ అని ఉంది. వీటిలో ఏది ఒప్పు? పరమాణువు అంటే అంతకంటే చిన్నది లేనిదని అర్థం కదా, మరి దానిలోపల ఎలక్ట్రాన్లున్నాయని పిల్లలకు ఎలా చెప్పను? వాటిని ఉపపరమాణు కణాలు అనవచ్చునా? ఎలక్ట్రాన్ అని రాయాలా, ఎలక్ట్రాను అని రాయాలా?
— ఒక ఉపాధ్యాయిని, కూకట్‌పల్లి, హైదరాబాదు

సమాధానం: పరమాణువు గురించి మీరు అడిగినది ముందు తీసుకుంటాను, మిగిలిన సందేహాలకు మూలం అందులోనే ఉంది. ఈ మాట మన ప్రాచీన తత్త్వశాస్త్రాల్లో ఒకటైన వైశేషిక దర్శనం నుంచి వచ్చింది. కిటికీ సందులోంచి పడే ఎండలో ఎగిరే నలుసును మన పూర్వులు త్రసరేణువు అన్నారు. రెండు పరమాణువులు కలిస్తే ఒక ద్వ్యణుకమని, మూడు ద్వ్యణుకాలు కలిస్తే ఒక త్రసరేణువని లెక్క కట్టారు కనుక, ఆ నలుసులో ఆరో వంతు పరమాణువు అవుతుంది. దానికి అవయవాలు లేవు, నాశం లేదు. నేటి శాస్త్రం పరమాణువు అంటున్నది దీనిని కాదు. అటువంటి నలుసు ఒక్కదానిలోనే కోటానుకోట్ల పరమాణువులుంటాయి, వాటిలో ప్రతిదానికీ లోపల నిర్మాణం ఉంటుంది. గ్రీకు భాషలో ‘కోయరానిది’ అని అర్థమిచ్చే మాట నుంచి పుట్టిన ఆటమ్‌కూ ఇదే జరిగింది. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాడు, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం ఉన్నదని తేల్చాడు, 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. అయినా ఆటమ్ అన్న పేరును ఎవరూ మార్చలేదు.

మార్చనవసరమూ లేదు. నువ్వుల నెయ్యి నూనె అయింది. ఆ వ్యుత్పత్తిని పట్టుకుని వేరుశెనగ నూనె, కొబ్బరినూనె అనే మాటలు తప్పని ఎవరమూ అనము. మాట పుట్టినప్పటి అర్థం యోగం, లోకంలో స్థిరపడిన అర్థం రూఢి, పారిభాషిక పదానికి రూఢే ప్రమాణం. ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి. పేరు పెట్టిన కాలానికి అదే అన్నిటికంటే చిన్నది అనుకున్నారని తెలిస్తే, తర్వాత ఏమి తెలిసిందన్న కుతూహలం వారిలో తప్పక కలుగుతుంది.

ఇక అణుబాంబు. తెలుగువారికి అణువు ముందుగా వాడుకమాట: అణువంత, అణుమాత్రం, అణువణువునా అంటాం. అంటే మిక్కిలి చిన్నది. అణుబాంబు, అణుశక్తి అన్న సమాసాల్లోకి వచ్చింది ఈ అణువే. పాఠ్యపుస్తకం అణువును మాలిక్యూల్‌కు, పరమాణువును ఆటమ్‌కు కేటాయించింది. హిందీలోనూ కన్నడంలోనూ పంపకం ఇదే, తమిళంలో మాత్రం అణు అంటే ఆటమ్. పుస్తకంలోని అర్థాన్నే గట్టిగా పట్టుకుంటే, అణువుల్లో పరమాణువుల పొందిక మారడం వల్ల వెలువడే వంటగ్యాసు మంటను అణుశక్తి అనవలసివస్తుంది! యురేనియం నుంచి వచ్చే శక్తికి చోటు అణువూ కాదు, మొత్తం పరమాణువూ కాదు, దాని నడుమనున్న కేంద్రకం. కాబట్టి శాస్త్రపాఠంలో కేంద్రక శక్తి అనడమే సరైనదని నా అభిప్రాయం. మన నగరంలోనే మౌలాలీ వైపున్న యురేనియం ఇంధన సంస్థ హిందీ పేరులో ‘నాభికీయ’ అని ఉండటం గమనించండి. నాభి అన్నా కేంద్రకమన్నా ఉద్దేశం ఒకటే. పత్రికల్లోని అణువిద్యుత్తును తప్పుపట్టకండి, అది రూఢమైపోయింది. ఒకే పాఠంలో రెండు అర్థాలనూ కలిపి రాయకపోతే చాలు.

ఉపపరమాణు కణం అన్న ప్రయోగం నాకు నచ్చదు. ఉపనది మరొక నదిలో కలిసే నది, ఉపాధ్యక్షుడు అధ్యక్షుని తర్వాతివాడు. ఆ వరుసలో ఉపపరమాణువు అంటే చిన్నస్థాయి పరమాణువు అనిపిస్తుందే గాని, పరమాణువులోని భాగం అనిపించదు. పరమాణ్వంతర్గత కణం అందామా? యణాదేశ సంధి సక్రమంగానే ఉంది, ఎలక్ట్రాన్, ప్రోటాన్, న్యూట్రాన్‌లకు అర్థమూ సరిపోతుంది. కాని అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల వల్ల పుట్టి మన మీద ఎడతెగక కురుస్తున్న మ్యూయాన్లు ఏ సాధారణ పరమాణువులోనూ భాగం కావు, న్యూట్రినోలూ అంతే. ప్రాథమిక కణం అన్న మాటను మరింత జాగ్రత్తగా వాడాలి: ఇప్పటికి తెలిసినంతలో లోపల భాగాలు లేని ఎలక్ట్రాన్, క్వార్క్ వంటివాటికే అది చెల్లుతుంది. ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు ఉన్నాయి. ఒక్కొక్క అప్ క్వార్కుది 2/3 ధన విద్యుదావేశం, డౌన్ క్వార్కుది 1/3 రుణావేశం కనుక మూడూ కలిసి ప్రోటాన్‌కు 1 ధనావేశం వస్తుంది. మూడు భాగాలున్నదానిని ప్రాథమికమనడం కుదరదు. అన్నిటికీ కలిపి చెప్పవలసినచోట ‘పరమాణువుకంటే సూక్ష్మమైన కణాలు’ అని విడమరిచి రాయండి, ఆ తర్వాత ఉత్త కణాలు అంటే సరిపోతుంది. జీవశాస్త్రంలోనూ కణం ఉన్నది, దానికీ కేంద్రకం ఉన్నది కనుక, ఆ రెండు మాటలు ఇక్కడ వేరే అర్థంలో వస్తున్నాయని మొదటి రోజే పిల్లలకు చెప్పడం మంచిది.

చివరి సందేహం తేలికైనది. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి, ఫోన్ మన నోట ఫోను అయినట్లే ఎలక్ట్రాన్ ఎలక్ట్రాను అవుతుంది. రెండూ సాధురూపాలే. బహువచనంలో ఫోన్లు అన్నట్లే ఎలక్ట్రాన్లు అనండి. న్యూట్రాన్, న్యూట్రినోల విషయంలో మాత్రం తడబడకూడదు. ఇటాలియన్ భాషలో ‘ఇనో’ చిన్నది అన్న అర్థాన్ని తెలిపే ప్రత్యయం, మనం గున్నమామిడి అన్నప్పటి ‘గున్న’ వంటిది, కనుక న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని బుల్లి కణం. 2012లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో, బోసాన్ల జాతికి చెందిన హిగ్స్ కణం కనబడినట్లు ప్రకటించినప్పటి నుంచి బోజాన్ అన్న రూపమూ అక్కడక్కడ అచ్చవుతున్నది. ఆ పేరు మన శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్ గౌరవార్థం భౌతికశాస్త్రవేత్త డిరాక్ పెట్టినది. బోస్‌ను మనం బోజ్ అనము కదా, బోసాన్ అనే రాయండి.