కండరాల పేర్లు వచ్చాయి, బొమ్మ రాలేదు

ప్రశ్న: కండరాల పటం చూసి అచ్చుగుద్దినట్టు వేస్తాను. పేర్లన్నీ నోటికి వచ్చు. కానీ వంగిన మనిషినో, పరిగెత్తే మనిషినో వేయబోతే ఒళ్ళంతా ఉబ్బులే తప్ప మనిషి కనిపించడు. లోపం ఎక్కడ?

జవాబు: పటం చూపించేది ఒకే ఒక్క భంగిమ. నిటారుగా నిలబడి, అరచేతులు ముందుకు తిప్పి పెట్టిన మనిషి. మీరు నేర్చుకున్నది కూడా అంతే. చిత్రకారుడికి కండరం పేరుతో పెద్దగా పనిలేదు. అది ఏ ఎముక మీద మొదలైంది, ఏ కీలు దాటింది, ఎక్కడ అతుక్కుంది అన్నది తెలియాలి. కండరం లాగగలదు, నెట్టలేదు. మోచెయ్యి మడిచి బరువెత్తితే దండచేతి ముందు కండరం పొట్టిదై ఉబ్బుతుంది, వెనకది సాగి పలచబడుతుంది. పోటీల్లో కండలు బిగించి చూపించేవాళ్ళను వదిలేస్తే, రెండూ ఒకేసారి ఉబ్బడం అరుదు. మీ ఉబ్బులకు కారణం బహుశా ఇదే.

అయినా కండరాలను కొన్నాళ్ళు పక్కన పెట్టండి, ముందు ఎముకలు. పెద్దవాళ్ళలో 206 ఉంటాయి గానీ అన్నీ అక్కర్లేదు. తల, పక్కటెముకల గూడు, కటి (నడుము కింద తుంటి ఎముకల గిన్నె) అనే మూడు ముద్దలతో మొదలుపెట్టండి. ఇవి దాదాపు వంగవు. వంగేవీ, మెలితిరిగేవీ వాటి మధ్యనున్న మెడ, నడుము. నిలబడ్డ మనిషిని పక్కనుంచి చూస్తే గూడు పైభాగం కాస్త వెనక్కి, కటి పైభాగం కాస్త ముందుకు వాలి ఉంటాయి. రెండింటినీ నిట్టనిలువుగా పేర్చారా, బొమ్మ కొయ్యబారిపోతుంది.

తర్వాత ఎముక నేరుగా చర్మం కిందికి వచ్చే చోట్లు పట్టుకోండి: మెడ గుంట (గొంతు కింద, రెండు కాలర్ ఎముకల మధ్య పల్లం), కాలర్ ఎముక రెండు కొసలు, మెడ వెనక అడుగున పొడుచుకొచ్చే వెన్నుపూస, మోచేతి మొన, కటికి ముందువైపున్న రెండు మొనలు, మోకాలి చిప్ప, చీలమండల ఎముకలు. మీ ఒంటిమీదే తడిమి చూసుకోవచ్చు. కండ ఉబ్బినా, కొవ్వు పట్టినా ఈ గుర్తులు ఎముకను వదిలిపోవు. లావుపాటి వాళ్ళలో వీటిలో కొన్ని పొడుచుకు రాకపోగా చిన్న గుంటలుగా మారతాయి, అంతే. నడుము కింద వెనకవైపు కనిపించే రెండు సొట్టలు ఆ రకమే.

సాధన ఇలా చేయండి. ఫొటో మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ముందు ఈ గుర్తులకు చుక్కలు పెట్టండి. వాటి ఆధారంగా గూడు, కటి, చేతుల, కాళ్ళ ఎముకలు గీయండి. ఫొటో తీసేసి, ఆ ఎముకల మీద కండరాలు మీరే అమర్చండి. మళ్ళీ ఫొటో కింద పెట్టి పోల్చండి. తప్పు పోయిన కండరం ఒక్కదాన్నే ఆ రోజు చదవండి.

ప్రశ్న: చెయ్యి పైకెత్తిన బొమ్మ వేస్తే, చేతిని తెచ్చి భుజానికి అతికించినట్టు ఉంటోంది.

జవాబు: భుజాన్ని కదపకుండా చెయ్యి మాత్రమే ఎత్తుతున్నారు. చెయ్యి పక్కనుంచి తలమీదికి తిరిగే సుమారు 180 డిగ్రీల్లో 120 దాకా భుజం కీలుది, మిగతా 60 వీపు మీది రెక్క ఎముక తిరగడం వల్ల వచ్చేవి. అందుకని రెక్క ఎముక అడుగు మూల చంకవైపు జరుగుతుంది, భుజం కొస చెవి దగ్గరికి లేస్తుంది. కాలర్ ఎముక కూడా బయటి కొస పైకి లేచి వాలుగా నిలుస్తుంది, మెడ గుంట పక్కనున్న కొస మాత్రం అక్కడే ఉంటుంది. ఛాతీ కండరం దండచేతి ఎముకకే అతుక్కుని ఉంటుంది కాబట్టి చేతితోపాటు పైకి సాగి, చంకకు ముందు గోడ అవుతుంది. వెనక గోడ వీపు నుంచి వచ్చే కండరాలది. ఈ రెండు గోడలూ వేస్తే అతుకు దానంతటదే పోతుంది.

ముంజేతిలోనూ ఇలాంటి చిక్కే ఉంది. అరచెయ్యి బోర్లించినప్పుడు బొటనవేలి వైపు ఎముక రేడియస్, చిటికెనవేలి వైపు ఎముక అల్నా మీదుగా అడ్డంగా దాటుతుంది. మోచేతి మొన అల్నాది, అది తిరగదు. మణికట్టును తిప్పి మోచేతిని కూడా తిప్పేసేవాళ్ళే ఎక్కువ.

ప్రశ్న: మనిషి ఎత్తు ఎనిమిది తలలేనా?

జవాబు: సాధారణంగా తల పొడవుకు ఏడున్నర రెట్లు. ఎనిమిది ఆదర్శ రూపానికి వాడతారు. అప్పుడే పుట్టిన బిడ్డ నాలుగు తలలే. చెయ్యి వేలాడదీస్తే మోచెయ్యి నడుము దగ్గరికి, వేళ్ళ కొసలు తొడ మధ్యకు వస్తాయి. కూర్చున్నా, వంగినా ఈ లెక్కలు చెల్లవు.

ప్రశ్న: ఒంటికాలి మీద బరువు వేసి నిలబడ్డ బొమ్మ పడిపోతున్నట్టు ఉంటోంది.

జవాబు: మెడ గుంట నుంచి నిలువు గీత దించండి. అది బరువు మోసే పాదం మీదో, దానికి బాగా దగ్గరగానో పడాలి. ఆ వైపు కటి పైకి లేస్తుంది, భుజం సాధారణంగా కిందికి వాలుతుంది. రెండో వైపు కటి దిగుతుంది గనక ఆ మోకాలు మడుస్తారు. భుజాల గీత, కటి గీత సమాంతరంగా వేస్తే బరువు ఏ కాలి మీదుందో తెలియదు. కాలు వేసేటప్పుడు ఇంకొకటి చూసుకోండి: పిక్కలో బయటి ఉబ్బు ఎత్తున, లోపలిది కింద. చీలమండ దగ్గర దీనికి తిరగబడి, లోపలి ఎముక ఎత్తున, బయటిది కింద.

ప్రశ్న: ఫోనుతో తీసిన ఫొటోలు చూసి వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు, దగ్గరనుంచి తీయకపోతే. రెండడుగుల దూరంలో తీస్తే కెమెరాకు దగ్గరున్న చెయ్యో తలో పెరిగిపోయి కొలతలన్నీ తప్పుతాయి. మూడు నాలుగు మీటర్లు వెనక్కి జరిగి, ఫోను నడుము ఎత్తులో నిటారుగా పట్టుకుని, జూమ్ చేసి తీయండి. వెలుతురు ఒక్క పక్కనుంచే పడేలా చూడండి. ఫ్లాష్ వాడితే ఎముకల గుర్తులు చెరిగిపోతాయి.