పట్టీలు పెట్టుకున్న కాళ్లు

చి. అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో, "నా బ్యాచ్‌వాళ్లు కోకాపేటలో ఫ్లాట్లు కొంటున్నారు తాతయ్యా, నేనింకా ల్యాబ్‌లో మాత్రలు పరీక్ష చేసుకుంటూ కూర్చున్నాను, నా లైఫ్ ఫెయిల్" అన్నావు. ఈసారీ ప్రమోషన్ రాలేదని నీ గొంతు వినగానే అర్థమైంది. ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను ఫైలేరియా యూనిట్లో పనిచేశానని నీకు తెలుసు. ఏం చేసేవాణ్ణో ఎప్పుడూ చెప్పలేదు. బోదకాలు క్రిములు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి. అందుకని ఊరు భోంచేసి నడుం వాల్చే వేళకు మేం బయల్దేరేవాళ్లం. చేతిలో టార్చిలైటు, సంచిలో గాజు స్లైడ్లు. అరుగు మీద పడుకున్నవాళ్లను లేపి, వేలి కొసన సూదితో గుచ్చి, రక్తం స్లైడు మీద పూసుకోవాలి. తిట్టేవాళ్లు. తలుపు వేసుకునేవాళ్లు.

ఒకింట్లో ఒకావిడ కాలు చీర కుచ్చిళ్ల కింద దాచుకుని కూర్చుంది. ముదిరిన వాపు మాత్రలతో పోదు. ఆవిడకి నేనేమీ చేయలేకపోయాను. కానీ ఆవిడ చిన్నకూతురి స్లైడులో క్రిములు కనిపించాయి. పిల్లకి అప్పటికి కాలు బాగానే ఉంది. వరసగా రోజూ వెళ్లి, అన్నం తిన్నాక నా కళ్లముందే మాత్రలు మింగించాను. చాలా ఏళ్లకు ఆ పిల్లని బస్టాండులో చూశాను. చంకలో బిడ్డతో బస్సు అందుకోవడానికి గబగబా నడుస్తోంది. కాళ్లకు వెండి పట్టీలు. నన్ను గుర్తుపట్టలేదు. నేనూ పలకరించలేదు. ఆ పట్టీల వంకే చూస్తూ నిలబడిపోయాను. సర్వీసు మొత్తంలో నాకొచ్చింది ఒక్కటే ప్రమోషన్, అదీ ఆలస్యంగా. దానికి చాలా ఏళ్లు కుమిలిపోయాను. ఆ రోజు మాత్రం ఆ సంగతే గుర్తురాలేదు.

ఆ మాత్ర పేరు హెట్రజాన్. దాన్ని తెచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. మెట్రిక్ రెండుసార్లు తప్పిన మనిషాయన. తర్వాత అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో అంత పరిశోధన చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. 1947లో ఈ మందు వచ్చింది. మరుసటి ఏడాదే, 53 ఏళ్లకే పోయారు. మన దేశం ఆయన పేరున తపాలా బిళ్ల వేసింది 1995లో. గోదావరి జిల్లాల్లో ఆ మాత్ర మింగిన వాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎందరుంటారు?

అలాగని ఆయనలా బతకమని చెప్పను. ఆయన మళ్లీ ఈ దేశం రాలేదు. ఇక్కడున్న భార్య శేషగిరిగారు ఆయన్ని మళ్లీ చూడలేదు. నేనూ మీ అమ్మకి జ్వరం కాస్తుంటే వదిలేసి రాత్రి సర్వేకి వెళ్లినవాణ్ణే. అది తప్పు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి నీ పని ఎంత మంచిదైనా అన్నం వేళకి అన్నం తిను, అమ్మకి ఫోన్ చెయ్యి. జీతం తక్కువనిపిస్తే అడుగు, గట్టిగానే అడుగు. ఇవ్వకపోతే ఇంకోచోట చూసుకో. డబ్బు అక్కర్లేదని నేననను, అద్దె కట్టాలిగా. కానీ ఫ్లాటు కొన్నవాళ్లని చూసి నీ పనికి వెల కట్టకు.

పోయినేడు ఒక మాట చెప్పావు, గుర్తుందా? గాజు పాత్రల్లో, ఒంటి వేడికి కాచిన నీళ్లలో మాత్రలు వేసి చూస్తే సరిగ్గా కరగలేదని, పైవాళ్లు ఎంత తొందరపెట్టినా ఆ బ్యాచ్‌కి సంతకం పెట్టలేదని. ఆ మాత్రలు బయటికి వెళ్లుంటే ఎవరింట్లోనో ఎవరో వేసుకునేవాళ్లు, రోగం తగ్గక డాక్టరు చుట్టూ తిరిగేవాళ్లు. అలా జరగలేదు. జరగని దానికి నీకెవరు థాంక్స్ చెబుతారమ్మా? నా స్లైడ్లకీ ఎవరూ చెప్పలేదు. అయినా ఆ రోజు నువ్వు చేసింది చిన్న పని కాదు.

సంక్రాంతికి రెండు రోజులు ముందే రా. ఆ బ్యాచ్ ఆపిన రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పాలి. అప్పుడు సగమే విన్నాను. మీ అమ్మమ్మ కూడా వింటానంటోంది.

తాతయ్య