టెక్ సందేహాలు: ఎడియస్ వదిలి రిజాల్వ్‌కి మారాలా, ప్రీమియర్ నేర్చుకోవాలా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. ఏళ్లుగా ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీదే పని. ఈమధ్య సోనీ ఏ7 ఫోర్ కెమెరా ఫైళ్లు వస్తున్నాయి. వాటిని టైమ్‌లైన్‌లో పెడితే ఆగి ఆగి నడుస్తున్నాయి. డావిన్చీ రిజాల్వ్ ఉచితం కదా, మారిపొమ్మని కొందరు అంటున్నారు. ప్రీమియర్ ప్రో వస్తేనే విజయవాడ స్టూడియోల పని దొరుకుతుందని ఇంకొందరు. నా సిస్టమ్ ఐ5 12400ఎఫ్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1650. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: ముందు డబ్బు ఖర్చుపెట్టకండి. ఈ సిస్టమ్ మీద ఈ ఫైళ్లతో మూడు సాఫ్ట్‌వేర్లలో ఏది వాడినా ఆ నత్తనడక పోదు. తప్పు ఎడియస్‌ది కాదు, ఫైలుకీ మీ ప్రాసెసర్‌కీ పొత్తు కుదరకపోవడం.

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఒక క్లిప్ తెరిచి ‘క్రోమా సబ్‌శాంప్లింగ్’, ‘బిట్ డెప్త్’ అనే వరసలు చూడండి. 4:2:2, 10 బిట్ (రంగుల వివరం ఎక్కువగా ఉండే రకం) అని ఉంటే దొంగ దొరికినట్టే. ఈ రకం ఫైలును విప్పే ఏర్పాటు మీ గ్రాఫిక్స్ కార్డులో లేదు. ఆ కార్డులు చేసే ఎన్‌విడియా ఆ ఏర్పాటును 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలుపెట్టింది. ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే భాగం ఉంటుంది. 11వ తరం నుంచి అది హెచ్.265 (వీడియోను చిన్నగా కుదించే ఒక పద్ధతి)లో ఉన్న 4:2:2ను సులువుగా విప్పుతుంది. మీ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంది చూశారా, ఆ అక్షరానికి అర్థం లోపలి గ్రాఫిక్స్ లేదనే. కొంచెం తక్కువకు వస్తుందని షాపుల్లో ఎఫ్ రకం అంటగడుతుంటారు. ఆటలు ఆడేవాళ్లకు దానివల్ల నష్టం లేదు, ఎడిటింగ్ చేసేవాళ్లకు మాత్రం చాలా నష్టం. ఈ సంగతి బిల్లు వేసేటప్పుడే చెప్పేవాళ్లు తక్కువ, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఖర్చు లేని దారి కెమెరాలోనే ఉంది. మామూలు కలర్‌లో తీసే పెళ్లికి 8 బిట్ 4:2:0 చాలు. ఎస్-లాగ్‌లో (రంగులు చప్పగా వచ్చే సోనీ సెట్టింగ్) తీసి తర్వాత కలర్ చేస్తామంటే 10 బిట్ కావాలి. అప్పుడు ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అనే సోనీ హెచ్.265 ఫార్మాట్‌లో 4:2:0 10 బిట్ పెట్టమనండి, మీ 1650 దాన్ని విప్పుతుంది. ఇప్పటికే తీసేసిన పెళ్లిళ్లకు ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్లకు తేలికైన నకళ్లు, చేసుకోండి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకు చాలావరకు తయారవుతాయి. కటింగ్ ప్రాక్సీ మీద, ఫైనల్ అవుట్‌పుట్ అసలు ఫైలు మీద.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా మూడు నాలుగు గంటల ఫుల్ వీడియోకి ఎడియస్‌నే ఉంచుకోండి. రకరకాల కెమెరాల ఫైళ్లు ఒకే టైమ్‌లైన్‌లో వేసి, రెండరింగ్ కోసం ఎదురుచూడకుండా కోసుకుపోవడంలో అది ఇప్పటికీ గట్టిదే. చేతికి అలవాటైన షార్ట్‌కట్లు సీజన్ మధ్యలో వదులుకుంటే డెలివరీలు ఆలస్యమై టెన్షన్ తప్పదు.

రిజాల్వ్‌ను టీజర్‌కీ, కలర్‌కీ నేర్చుకోండి. కలర్ పనిలో దానికి సాటి లేదని నా అభిప్రాయం. ఉచిత వెర్షన్‌లోనూ వాటర్‌మార్క్ లేకుండా అల్ట్రా హెచ్‌డీ దాకా అవుట్‌పుట్ వస్తుంది. అయితే మూడు చిక్కులున్నాయి. విండోస్‌లో ఉచిత వెర్షన్‌కి 10 బిట్ 4:2:2 ఫైళ్లు ఇస్తే సౌండ్ వచ్చి బొమ్మ రాకపోవడం మామూలే, కాబట్టి మీ క్లిప్ ఒకటి వేసి చూశాకే నమ్మండి. అర్ధరాత్రి ముహూర్తాల్లో తీసిన ఫుటేజ్‌లో గ్రెయిన్ తగ్గించే నాయిస్ రిడక్షన్ ‘స్టూడియో’ అనే డబ్బు కట్టే వెర్షన్‌లోనే ఉంది. దాని ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. మూడోది, రిజాల్వ్ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే వేస్తుంది. 4 జీబీతో 4కే టైమ్‌లైన్ మీద ‘జీపీయూ మెమరీ ఫుల్’ అనే మాట మీకు తరచూ కనిపిస్తుంది. టైమ్‌లైన్‌ను 1080లో పెట్టుకుని పని చేసి, చివర్లో 4కేకి మార్చండి. ఒక జాగ్రత్త: ఫుటేజ్ లోపలికి తెచ్చాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) మార్చనివ్వదు. 25లో తీశారా, 30లో తీశారా అన్నది ముందే తేల్చుకోండి.

ప్రీమియర్‌కి చందా కడుతూనే ఉండాలి, 2013 నుంచి అడోబ్ పద్ధతి అదే. కాబట్టి ‘నేర్చుకుంటే పని దొరుకుతుంది’ అన్న మాట మీద కట్టొద్దు. ఫలానా స్టూడియో ప్రాజెక్ట్ ఫైలే పంపమని అడిగి, నెలనెలా పని ఇస్తానంటే అప్పుడు తీసుకోండి. వాళ్లది ఏ వెర్షనో కూడా కనుక్కోండి, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్ట్ పాతదాంట్లో తెరుచుకోదు. వేరే సాఫ్ట్‌వేర్ కూడా చదవగల ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా మార్చి పంపితే కట్‌లు వెళ్తాయి కానీ టైటిళ్లు, ఎఫెక్ట్‌లు చాలావరకు మళ్లీ చేసుకోవాల్సిందే.

క్రాక్ వెర్షన్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. వాటితో వైరస్ వచ్చి హార్డ్ డిస్క్ లాక్ అయితే పోయేది మీ ఫైళ్లు కాదు, ఇంకొకరి ఇంటి పెళ్లి. దాన్ని మళ్లీ తీయలేం.

ప్రశ్న: విజయవాడ లబ్బీపేటలో యూట్యూబ్ వంటల ఛానెల్ నడుపుతున్నాను. ప్రీమియర్‌లో తెలుగు టైటిల్ టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కకు పడుతున్నాయి. వేరే సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా అండీ?

జవాబు: అక్కర్లేదమ్మా. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ తెరిచి, టెక్స్ట్ ఇంజిన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కి మార్చండి. ప్రీమియర్ మూసి మళ్లీ తెరిచి, టైటిల్ కొత్తగా టైప్ చేయండి, పాతదాన్ని దిద్దొద్దు. ఫాంట్ యూనికోడ్‌దే కావాలి. మండలి, రామభద్ర, సురవరం గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వంట పేర్లకు రామభద్ర లావుగా, ఫోన్ తెర మీద కూడా స్పష్టంగా ఉంటుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో కొట్టించిన మేటర్‌ను అలాగే తెచ్చి పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్పించుకోండి, లేదా వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా చేయించి వీడియో మీద పెట్టుకోండి.