‘కాబట్టి’ అని రాసే ముందు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ఎలై బెర్మన్ లాంటి ఆర్థికవేత్త గురించి తెలుగులో రాయాలనుకోవడమే మంచి పని. యెషీవాల (యూదుల మతపాఠశాలల) పేజీ నాకు నచ్చింది. నచ్చనిది ఒక్క వాక్యం. అదే రెండు రోజులుగా నన్ను తొలిచేస్తోంది. ‘చేతికి పని లేదు కాబట్టి చేతిలోకి తుపాకీ వచ్చింది’ అన్నావు. వినడానికి ఎంత బాగుందో! ఏ పత్రికవాళ్లైనా దాన్నే హెడ్డింగ్ చేస్తారు. కానీ నువ్వు ఎవరి గురించి రాస్తున్నావో ఆయన లెక్కల్లో తేలింది దీనికి సరిగ్గా ఎదురు.

బెర్మన్ మరో ముగ్గురితో కలిసి ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్, ఫిలిప్పీన్స్ లెక్కలు తీశాడు. ఏ ప్రాంతంలో నిరుద్యోగం ఎంత, దాడులెన్ని అని పక్కపక్కన పెట్టి చూశారు. 2011లో అచ్చయింది. నిరుద్యోగం ఎక్కువున్న చోట ప్రభుత్వ సేనల మీద, వాళ్ల మిత్ర సేనల మీద దాడులు తక్కువే ఉన్నాయి. సామాన్యుల్ని చంపిన దాడులకైతే నిరుద్యోగంతో చెప్పుకోదగ్గ సంబంధమే కనపడలేదు. ఎందుకలా? చెక్‌పోస్టులు పెట్టి దారులు మూస్తే దాడులు తగ్గుతాయి, దాంతోపాటు సరుకు ఆగి కూలిపనీ పోతుంది. లేదా, జేబు ఖాళీ అయినప్పుడు పక్కింట్లో ఏం దాచారో ప్రభుత్వ సేనలకి చెప్పడానికి మనిషి తక్కువ డబ్బుకే ఒప్పుకుంటాడు. ఇవి కూడా వాళ్లు ‘కావచ్చు’ అనే అన్నారు. మూడు దేశాల లెక్కలు ముందు పెట్టుకుని ‘కావచ్చు’ అన్నవాళ్ల గురించి రాస్తూ నువ్వు ‘కాబట్టి’ అనేశావు.

నీ మీద కోపం కాదు. ఆ మాట నన్నూ ఒకసారి కాటేసింది. అప్పుడు నేనొక పత్రికకి కంట్రిబ్యూటర్ని, లైనుకింత అని లెక్కకట్టి ఇచ్చేవాళ్లు. మా పట్నంలో రెండు పేటల మధ్య గొడవై కర్ఫ్యూ పెట్టారు. నేను గదిలో కూర్చుని ‘పనీపాటా లేని కుర్రకారు రాళ్లు రువ్వింది’ అని రాసి పంపాను. కర్ఫ్యూ సడలించిన పొద్దున టీ బడ్డీ దగ్గర ఒక కుర్రాడు ఆ పేపరు పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. ముంజేతుల నిండా వెల్డింగ్ రవ్వలు పడి కాలిన చుక్కలు. “రోజుకి పన్నెండు గంటలు పనిచేస్తాను సార్. నన్ను పనీపాటా లేనోణ్ణంటారా?” అన్నాడు. రాయి వేశావా అంటే, వేశానన్నాడు. ఎందుకని అడిగితే గంటసేపు చెప్పాడు. అందులో ఉద్యోగం ఊసే లేదు. తమ్ముడి పెళ్లి ఊరేగింపు ఉంది, అంతకు ముందెప్పుడో జరిగిన అవమానం ఉంది, షాపు బాకీ ఉంది.

అదంతా రాసి పంపితే ఎడిటరు వేయలేదు. “పాఠకుడికి ఇంత వివరం దేనికయ్యా, కారణం ఒక్క ముక్కలో చెప్పు” అన్నారు. ఆ ఒక్క ముక్క కోసమే మన పత్రికలు ఇన్నేళ్లు ‘నిరుద్యోగ యువత’ అనే రబ్బరు స్టాంపు గుద్దుతూ వచ్చాయి. పని లేక ఇంట్లో తలదించుకు కూర్చున్న ఎంతమంది పిల్లల మీద ఆ స్టాంపు పడిందో! ఇప్పటికీ నాకు మంటే.

కారణం ఎలా వెతకాలో బెర్మన్ యెషీవాల వ్యాసంలోనే ఉంది. నువ్వు దాన్ని నాలుగు లైన్లలో దాటేశావు. ఇజ్రాయెల్‌లో హరేదీ (కఠిన సంప్రదాయం పాటించే యూదు) మగవాళ్లలో, పనిచేసే వయసున్నవాళ్లలో 60 శాతం ఉద్యోగం మాని మతగ్రంథాలు చదువుతూ యెషీవాల్లో ఉన్నారని 2000లో రాశాడు. ఇంట్లో పేదరికం, చుట్టూ పిల్లలు. అప్పట్లో అందరూ చెప్పిన కారణం ఒకటుంది: చదువుతున్నంత కాలం సైన్యంలోకి పిలిచేవాళ్లు కాదు, కాబట్టి చదువుతున్నారు. ఆయన అక్కడ ఆగలేదు. సైన్యం బెడద పూర్తిగా తీరిపోయిన వయసులో కూడా వీళ్లు పనికి ఎందుకు వెళ్లడం లేదని అడిగాడు. వ్యాసమంతా ఆ ప్రశ్న మీదే నిలబడింది. అక్కణ్ణుంచి ఆయన చెప్పేదేమంటే, సంపాదన వదులుకోవడమే ‘నేను మీవాణ్ణి’ అని తన సమాజానికి చూపించుకునే గుర్తు. కష్టానికీ జబ్బుకీ ఒకరికొకరు ఆదుకునే చోట, సాయం తీసుకుని తప్పుకునేవాళ్లని ముందే వడకట్టాలి కదా. అలాంటి చోట ప్రభుత్వం సాయం పెంచితే, దానికోసమే చేరేవాళ్లని వడకట్టడానికి గుర్తు కోసం వదులుకోవాల్సిందీ పెరుగుతుంది, పేదరికం ఇంకా బిగుస్తుంది.

ఈ మెలిక దగ్గర పాఠకుణ్ణి కూర్చోబెట్టు. ఆ తండ్రికి పుస్తకం ముందు కూర్చోవడం సోమరితనం కాదని పాఠకుడికి అర్థం కావాలి. సాయుధ మతసంస్థల మీద 2009లో వచ్చిన ఆయన పుస్తకానికీ ఇదే తాళంచెవి. వాటి బలం ఉపాధి లేని జనం లెక్కలో లేదు, డబ్బుకి అమ్ముడుపోని సభ్యుల్ని ఏరుకోవడంలో ఉంది అంటాడు. నీ తుపాకీ వాక్యం ఉన్నంతసేపూ ఇది పాఠకుడి కంట పడదు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. ముందు వ్యాసంలో ‘కాబట్టి’, ‘అందుకే’, ‘వల్ల’ అన్న చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టు. నేను పదిహేడు లెక్కపెట్టాను. ఒక్కోదాని పక్కన, ఇది ఎవరు ఎలా కనుక్కున్నారో రాయి. రాయలేని చోట కొట్టేసి, ఆ పేజీలు మళ్లీ నాకు పంపు. కళ్లు సరిగ్గా కనిపించడం లేదు, ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో ప్రింటు తీయి తల్లీ.